అరబ్బీ ఛందస్సుకు ఆద్యుడు: ఖలీల్ బిన్ అహమద్

వార్షిక పరీక్షలు సమీపించే రోజుల్లో మన కళాశాల వరండాలో రెండు విధాల వల్లెవేతలు వినిపిస్తుంటాయి. ఒక మూల తెలుగు విద్యార్థులు భ, ర, న, భ, భ, ర, వ అంటూ ఉత్పలమాల గణాలను కంఠస్థం చేస్తుంటారు. మరొక మూల ఉర్దూ విద్యార్థులు ఫఊలున్, ఫఊలున్ అంటూ బహర్‌ను తూచుకొంటుంటారు. ఒకరి పాఠం మరొకరికి అర్థంకాని మంత్రంలా తోస్తుంది. అయితే ఒక్క విషయంలో మాత్రం ఇరువురికీ ఏకాభిప్రాయం ఉంది. ఛందస్సు అనేది పండితులు కవిత్వానికి తగిలించిన సంకెల అనీ, పరీక్షలో మార్కుల కోసం తప్ప దానితో వేరే ప్రయోజనం లేదనీ వారు భావిస్తారు.

ఈ భావన ఎంతవరకు సమంజసమో తెలుసుకోవాలంటే ఆ సూత్రాలను మొదట కనిపెట్టిన మనిషి ఎవరో, ఎందుకు కనిపెట్టారో, ఎలా జీవించారో తెలుసుకోవడం మేలు. ఉర్దూ తరగతిలో మనం చదివే అరూజ్ శాస్త్రానికి, అంటే అరబ్బీ, ఫారసీ, ఉర్దూ భాషల ఛందస్సుకు, మూలపురుషుడు ఖలీల్ బిన్ అహమద్. సుమారు పన్నెండు వందల సంవత్సరాల క్రితం బస్రా నగరంలో ఒక రెల్లు పాకలో నివసించిన నిరుపేద పండితుడాయన.

ఖలీల్ క్రీ.శ. 718 ప్రాంతంలో, అనగా హిజ్రీ 100లో జన్మించారు. ఆయనది అజ్ద్ తెగలోని ఫరాహీద్ శాఖ. అందువల్లనే ఆయనను ఫరాహీదీ అని కూడా వ్యవహరిస్తారు. జన్మస్థలం ఒమాన్ అని ఎక్కువమంది చెబుతారు. పెరిగింది, చదివింది, బోధించింది, తనువు చాలించింది మాత్రం ఇరాక్‌లోని బస్రాలోనే. ప్రవక్త మహమ్మద్ గారి అనంతరం అహమద్ అనే పేరు పెట్టుకొన్న మొదటి వ్యక్తి ఈయన తండ్రేనని పాత చరిత్రకారులు రాశారు.

ఖలీల్ జీవితాన్ని అర్థం చేసుకోవాలంటే ఆనాటి బస్రాను కొంత తెలుసుకోవాలి. హజ్రత్ ఉమర్ ఖలీఫాగా ఉన్న కాలంలో ఒక సైనిక శిబిరంగా వెలసిన ఆ ఊరు, నూరేళ్ళు తిరిగేసరికి ఒక మహానగరమైంది. ఎడారి నుంచి వచ్చిన అరబ్బులు, ఇరాన్ నుంచి వచ్చిన వృత్తికారులు, సముద్రం మీద సరకులు తెచ్చే వర్తకులు అక్కడ కలిసి బతికేవారు. ఊరి శివారున మిర్బద్ అనే సంత ఉండేది. అది ఒంటెల సంత. అదే కవుల సభాస్థలి కూడా. జరీర్, ఫరజ్దఖ్ వంటి ఉద్దండ కవులు ఒకరినొకరు ఎత్తిపొడుస్తూ పద్యాలు వినిపించింది అక్కడే. ఎడారి నుంచి వచ్చిన బదూ మనిషి ఒంటెను అమ్ముకొని, తన తాత ముత్తాతల పద్యాలను వినిపించి తిరిగి వెళ్ళేవాడు. వ్యాకరణ పండితులు కలం పట్టుకొని అతని వెంట తిరిగేవారు.

ఆ బదూ మనిషికి ఛందస్సు తెలియదు. గణమన్న మాట గాని, బహర్ అన్న మాట గాని అతడు ఎరుగడు. కాని ఒక్క అక్షరం తప్పిపోయినా అతని చెవి పట్టేసేది. ఎడారిలో పుట్టిన పిల్లవాడికి ఆ చెవి తల్లి పాలతో వచ్చేది. బస్రాలో పుట్టిన పిల్లవాడికి అలా రాలేదు. నగరంలో నాలుగు భాషలు కలిసిపోయాయి. పాత పద్యాలను నోటికి నేర్చిన పెద్దలు ఒక్కొక్కరే కాలధర్మం చెందుతున్నారు. విన్నది సరైన పాదమో, మధ్యలో ఎవరి నాలుకనో జారిన పాదమో తేల్చడానికి కొలబద్ద లేదు. చెవి పోతే పద్యం పోతుంది. పద్యం పోతే ఒక జాతి జ్ఞాపకమే పోతుంది. ఖలీల్ ఎదిగిన కాలంలో పండితులను బాధించిన సమస్య ఇది.

యువకుడైన ఖలీల్ ఆనాటి మేటి గురువుల వద్ద విద్యాభ్యాసం చేశారు. ఖురాన్ పఠనంలో ప్రామాణికులైన ఏడుగురిలో ఒకరైన అబూ అమ్ర్ బిన్ అల్ అలా, వ్యాకరణంలో నిష్ణాతుడైన ఈసా బిన్ ఉమర్ ఆయనకు గురువులు. అంతటితో తృప్తి చెందక ఎడారిలోని తెగల మధ్య సంచరించి వారి పలుకుబడిని స్వయంగా విని నేర్చుకొన్నారు. గ్రంథం కన్నా చెవి మీద ఆయనకు గురి ఎక్కువ.

ఆయన ఆస్తి చాలా స్వల్పం. తండ్రి నుంచి సంక్రమించిన ఒక తోట మీద వచ్చే ఆదాయం, పెంపుడు డేగతో చేసే వేట ఆయనకు జీవనాధారమని చెబుతారు. ఒక రాష్ట్ర పాలకుడు ఆయనను తన కొలువుకు రమ్మని దూతను పంపినప్పుడు, ఖలీల్ ఇంట్లో ఉన్న ఎండు రొట్టెను తెచ్చి దూత ముందు పెట్టి, ఇది దొరికినంత కాలం తనకు పాలకుని అవసరం లేదని తెలిపారట. పాలకుడు కోపించి, అంతవరకు ఇస్తున్న భరణాన్ని నిలిపివేశాడు. తనకు నోరిచ్చిన దేవుడే ఆహారమూ ఇస్తాడన్న భావంతో ఖలీల్ కొన్ని పంక్తులు రాసి పంపగా, పాలకుడు సిగ్గుపడి భరణాన్ని రెట్టింపు చేశాడని కథనం. ఆయన శిష్యుడైన నజ్ర్ బిన్ షుమైల్ తరువాతి కాలంలో ఒక మాట బాధతో గుర్తుచేసుకొనేవాడు. ఖలీల్ విద్యతో లోకం ధనం ఆర్జిస్తుంటే, ఆయన మాత్రం చేతిలో రెండు నాణేలైనా లేకుండా బస్రాలో ఒక రెల్లు పాకలో ఉండిపోయారని అతని ఆవేదన.

ఇక ఛందశ్శాస్త్రం పుట్టిన విధానం గురించి రెండు కథలు ప్రచారంలో ఉన్నాయి. మక్కా యాత్రకు వెళ్ళినప్పుడు, అంతకు ముందు ఎవరికీ దక్కని విద్య ఒకటి తనకు ప్రసాదించమని ఖలీల్ దేవుని వేడుకొన్నారని మొదటి కథ. బస్రా వీధిలో నడుస్తుండగా కంచరుల సుత్తి దెబ్బలు ఆయన చెవిని ఆకర్షించాయని రెండవ కథ. కొందరు కంచరులకు బదులు బట్టలుతికే వారిని చెబుతారు. ఒక దెబ్బ, ఒక విరామం. రెండు దెబ్బలు, ఒక విరామం. అదే వరుస మళ్ళీ మళ్ళీ వచ్చేసరికి ఆయన నిలిచిపోయారు. తనకు కంఠస్థమైన వేల పద్యాల్లోనూ ఇదే జరుగుతున్నదని ఆయనకు స్ఫురించింది. ఈ కథల్లో సత్యమెంతైనా కావచ్చు. ఆయన సంగీతంలో లయ గురించి కూడా గ్రంథం రచించారన్నది మాత్రం ప్రసిద్ధమైన విషయమే. లయను పట్టుకొన్న చెవే ఛందస్సును పట్టుకొన్నది.

పద్యాన్ని ముక్కలు చేసి పైకి వల్లించుకొంటూ ఆయన ఇంట్లో రోజులు గడిపేవారట. అర్థం లేని ఫఊలున్, ఫాయిలున్ అనే మాటలను తండ్రి ఒంటరిగా గొణుక్కోవడం చూసిన కుమారుడు, తండ్రికి మతి చలించిందని వీధిలోకి పరుగెత్తి చెప్పాడట. జనం లోపలికి వచ్చి చూసినప్పుడు ఖలీల్ కోపగించుకోలేదు. కొడుకు తెలియక నిందించాడనీ, అతనికి తెలియదన్న సంగతి తనకు తెలుసు కనుక క్షమించాననీ ఆయన చెప్పారట. ఈనాడు వరండాలో అవే మాటలు వల్లించే మన ఉర్దూ మిత్రులను చూసి నవ్వే వారికి ఈ కథ చాలు.

ఇంతకూ ఆయన కనిపెట్టింది ఏమిటి? నోటితో పలికే ప్రతి అక్షరమూ రెండే విధాలుగా ఉంటుందని ఆయన గమనించారు. అచ్చుతో కూడి కదిలేది ముతహర్రిక్. అచ్చు లేక నిలిచిపోయేది సాకిన్. దీర్ఘంలో ఒక కదలికా, దాని వెంట ఒక నిలకడా ఉన్నట్లు లెక్క. రాసినదాన్ని కాక పలికినదాన్నే లెక్కించాలన్నది ఆయన మొదటి నియమం. తెలుగులో సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వాన్ని గురువుగా లెక్కించడంలో ఉన్న రహస్యమూ ఇదే. అక్కడ కూడా చెవే న్యాయమూర్తి, కలం కాదు.

ఈ కదలికలనూ నిలకడలనూ కలిపి ఆయన చిన్న చిన్న తునకలుగా ఏర్పరచారు. వాటికి పెట్టవలసిన పేర్ల కోసం ఆయన గంభీరమైన శబ్దాలను వెతకలేదు. ఎడారి మనిషి రోజూ చూసే తన గుడారం వైపు చూశారు. గుడారపు త్రాడు సబబ్. మేకు వతద్. మూల స్తంభం రుక్న్. గుడారమే బైత్, అదే రెండు పాదాల పద్యం. జంట తలుపుల్లో ఒక రెక్క మిస్రా, అదే పద్యంలో ఒక పాదం. శాస్త్రానికి వచ్చిన అరూజ్ అన్న పేరుకు గుడారం నడిమి గుంజ అని ఒక వ్యుత్పత్తి చెబుతారు. మొదటి మిస్రా చివరి రుక్న్‌కు కూడా అదే పేరు. త్రాడు బిగి తగ్గితే గుడారం వాలుతుంది. మేకు ఊడితే కూలుతుంది. అందుకే త్రాటి భాగంలో కొద్దిపాటి సడలింపులను ఆయన అనుమతించారు. వాటికి జిహాఫ్ అని పేరు. మేకు భాగానికి అంత స్వేచ్ఛ లేదు. పారిభాషిక పదాలంటే భయపడే విద్యార్థి ఈ ఒక్క బొమ్మను మనసులో నిలుపుకొంటే సగం అరూజ్ వచ్చినట్లే.

తెలుగు విద్యార్థులు కూడా ఈ తునకలను తమ గణాలతో సరిచూసుకోవచ్చు. ఒక కదలిక, ఒక నిలకడ గల తేలిక త్రాడు మన గురువు. రెండు కదలికలు గల బరువైన త్రాడు మన రెండు లఘువులు. రెండు కదలికలు, ఒక నిలకడ గల మేకు మన వ గణం, అనగా లఘువు మీద గురువు. మూడు కదలికల తరువాత ఒక నిలకడ వచ్చే చిన్న ఫాసిలా మన స గణం. ఈ తునకలను జోడిస్తే రుక్న్‌లు ఏర్పడతాయి. ఫఊలున్ అన్నది ఒక మేకు, ఒక త్రాడు. లఘువు, గురువు, గురువు. అంటే సాక్షాత్తు మన య గణం. ఫాయిలున్ అన్నది గురువు, లఘువు, గురువు. అంటే ర గణం.

ఇక్కడ ఒక ముచ్చటైన సంగతి ఉంది. ఫఊలున్ నాలుగు సార్లు వచ్చే పాదం గల బహర్‌కు ముతఖారిబ్ అని పేరు. సంస్కృతాంధ్రాల్లో నాలుగు య గణాల పాదం గల వృత్తం భుజంగప్రయాతం. రెండింటి నడక ఒక్కటే. ఫిర్దౌసీ తన షాహ్‌నామాను నడిపింది ఈ ముతఖారిబ్‌లోనే. చివరి రుక్న్‌ను మాత్రం కొద్దిగా కత్తిరించారు. అలాగే ఫాయిలున్ నాలుగు సార్లు వచ్చే ముతదారిక్ మన స్రగ్విణీ వృత్తమే. వరండాలో రెండు మూలల్లో నిలబడి వల్లించే విద్యార్థులు తెలియకుండానే ఒకే తాళం వేస్తున్నారన్నమాట. తెలుగు పద్యం దానికి తోడు యతినీ, పాదపాదానా రెండవ అక్షరానికి ప్రాసనూ కోరుతుంది. ఉర్దూ షేర్ పాదాంతంలో ఖాఫియాను కోరుతుంది. అలంకరణ వేరైనా అడుగు ఒక్కటే.

ఖలీల్ ఇక్కడితో ఆగలేదు. ఆయన ప్రతిభ పూర్తిగా వెల్లడయ్యేది ఐదు వలయాల్లో. ఒక వలయం చుట్టూ మేకు, త్రాడు, త్రాడు అని రాసుకొని మళ్ళీ మళ్ళీ తిరగండి. మేకు దగ్గర మొదలుపెట్టి చదివితే మఫాయీలున్ వస్తుంది. అది హజజ్ అనే బహర్. మొదటి త్రాడు దగ్గర మొదలుపెడితే ముస్తఫ్ఇలున్ వస్తుంది, అది రజజ్. రెండవ త్రాడు దగ్గర మొదలుపెడితే ఫాయిలాతున్ వస్తుంది, అది రమల్. మూడు వేర్వేరు పద్యాలుగా కనిపించేవి ఒకే చక్రాన్ని మూడు చోట్ల నుంచి చూసిన రూపాలే. ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడదీస్తే చంపకమాల అవుతుందనీ, శార్దూలంలో అదే పని చేస్తే మత్తేభం అవుతుందనీ తెలిసిన తెలుగు విద్యార్థికి ఇటువంటి చుట్టరికాలు కొత్త కావు. ఈ ఐదు వలయాల్లో ఖలీల్ పదిహేను బహర్లను ఇమిడ్చారు. పదహారవదైన ముతదారిక్‌ను చేర్చిన కీర్తిని తరువాతి తరానికి చెందిన అఖ్ఫష్ అనే పండితునికి ఆపాదిస్తారు. ఆ పైన ఫారసీ లాక్షణికులు మరి మూడింటిని చేర్చగా మొత్తం పంతొమ్మిది అయ్యాయి.

ఒక్క విషయం గమనించాలి. ఈ పదిహేనింటిలో ఏ ఒక్కటీ ఖలీల్ సృష్టించినది కాదు. ఆయన పుట్టడానికి ముందే కవులు ఆ నడకల్లో పాడుకొన్నారు. తవీల్ అనే దీర్ఘమైన బహర్ ఆ పాత కవులకు అత్యంత ప్రియమైనది. ఖలీల్ చేసినది కవికి ఆజ్ఞ ఇవ్వడం కాదు. కవి చేసినదాన్ని విని, దానికి పేరు పెట్టడం. సూత్రం ముందు పుట్టి పద్యం తరువాత పుట్టలేదు. పద్యం ముందు పుట్టింది. అది నశించకుండా సూత్రం కాపలాగా నిలిచింది.

మన దేశపు ఛందస్సుకూ ఈయన శాస్త్రానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్న కొత్తది కాదు. పదకొండవ శతాబ్దంలో భారతదేశాన్ని గురించి గ్రంథం రచించిన అల్‌బెరూనీ మన లఘుగురువులను, గణాలను శ్రద్ధగా పరిశీలించి, వాటిని ఖలీల్ కదలికలతోనూ నిలకడలతోనూ పోల్చారు. హిందువులు కవిత్వంలో కొలతలు పాటిస్తారని ఖలీల్ విని ఉండవచ్చునని కొందరు తలచే సంగతిని కూడా ఆయన ప్రస్తావించారు. దీనికి గట్టి నిదర్శనం దొరకలేదు. పింగళుడు ఒక దారిలోనూ, ఖలీల్ మరొక దారిలోనూ నడిచి ఒకే మైలురాయి దగ్గరకు చేరుకొన్నారని అనుకొన్నా ఇరువురి గౌరవానికీ లోటు లేదు.

ఇదే పోలిక ఆయన చేపట్టిన మరొక మహాకార్యంలోనూ కనిపిస్తుంది. అరబ్బీ భాషకు మొట్టమొదటి నిఘంటువును తలపెట్టినది ఖలీలే. దాని పేరు కితాబుల్ ఐన్. అలిఫ్, బే అన్న వాడుక వరుసను విడిచిపెట్టి, గొంతు లోతు నుంచి పెదవుల దాకా ధ్వనులు పుట్టే వరుసలో ఆయన అక్షరాలను అమర్చారు. ఐన్ అనే అక్షరంతో మొదలుపెట్టారు గనుక ఆ పేరు వచ్చింది. కంఠ్యాలతో మొదలై ఓష్ఠ్యాలతో ముగిసే మన క, చ, ట, త, ప వర్గాల క్రమం తెలిసిన వారికి ఈ పద్ధతి ఎంతో ఆత్మీయంగా తోస్తుంది. ఇంకా విశేషమేమిటంటే, రెండక్షరాల ధాతువును 2 విధాలుగా, మూడక్షరాల దాన్ని 6 విధాలుగా, నాలుగక్షరాల దాన్ని 24 విధాలుగా, ఐదక్షరాల దాన్ని 120 విధాలుగా మార్చవచ్చునని లెక్కకట్టి, వాటిలో వాడుకలో ఉన్నవి ఏవో లేనివి ఏవో విడదీసి చూపే పద్ధతిని ఏర్పరచారు. ఆ నిఘంటువును పూర్తి చేసినది శిష్యుడైన లైస్ అని చెబుతారు.

ఉర్దూ, అరబ్బీ పాఠాల్లో చిన్ననాడు మనం దిద్దుకొన్న జబర్, జేర్, పేష్ గుర్తులకు రూపం ఇచ్చినది కూడా ఈయనే. అంతకు ముందు రంగు చుక్కలతో అచ్చులను సూచించేవారు. అక్షరాల్ని వేరుచేసే చుక్కలతో అవి కలగాపులగమయ్యేవి. ఖలీల్ వాటికి బదులు చిన్న గీతనూ, చిన్న వావ్‌నూ వాడి ఆ గందరగోళాన్ని తొలగించారు. చదువు రాని పిల్లవాడు తప్పు లేకుండా పలకాలన్నదే ఇక్కడ కూడా ఆయన తాపత్రయం.

గురువుగా ఆయన ఓర్పు గొప్పది. ఒక శిష్యుడు ఎంతకాలం కూర్చున్నా అరూజ్ తలకెక్కించుకోలేకపోయాడు. అతన్ని నొప్పించడం ఇష్టంలేక ఖలీల్ ఒక పాత పద్యాన్ని ఇచ్చి ముక్కలు చేసి చూపమన్నారు. చేతగాని పని మాని చేతనైన పనికి పూనుకోమన్నది ఆ పద్యం భావం. శిష్యుడు లేచి వెళ్ళిపోయి మరి తిరిగి రాలేదు. కొలతలు పట్టలేని వాడు భావాన్ని ఇంత చక్కగా ఎలా పట్టాడా అని ఖలీల్ ఆశ్చర్యపోయారట.

మరొక శిష్యుని కథ దీనికి పూర్తిగా భిన్నం. షీరాజ్ సమీపం నుంచి వచ్చిన ఒక ఇరానీ యువకుడు విద్యాభ్యాస కాలంలో అరబ్బీ మాట ఒకటి తప్పుగా పలికి నలుగురిలో అవమానం పొందాడు. ఇక తనను ఎవరూ తప్పుపట్టలేని విద్య నేర్చుకొంటానని నిశ్చయించుకొని ఖలీల్ చెంతకు చేరాడు. అరబ్బీ అతని మాతృభాష కాదు. అయినా ఖలీల్ అతన్ని ఎన్నడూ విసుగు పుట్టించని అతిథిగా ఆదరించారు. అతడే సీబవైహి. అతడు రచించిన కితాబ్ అరబ్బీ వ్యాకరణానికి మూలస్తంభమై నిలిచింది. అందులో వందల చోట్ల పేరు చెప్పకుండా ఆయనను అడిగాను అని రాసిన సందర్భాలన్నీ ఖలీల్‌కు చెందినవేనని పండితుల నిర్ణయం. ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, తరగతిలో చదివే భాష మరొకటి అయిన మన విద్యార్థులకు సీబవైహిని మించిన ఆదర్శం ఏముంటుంది?

ఖలీల్ రచించిన ఛందో గ్రంథం నేడు లభించడం లేదు. అయినా శిష్యులూ ప్రశిష్యులూ దాన్ని బతికించారు. బస్రాలో పుట్టిన ఆ కొలతలు ఇరాన్ చేరి, అక్కడ నుంచి దక్కనుకు వచ్చాయి. 1580 నుంచి 1612 వరకు గోలకొండను ఏలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా ఈ నేల పండుగలనూ వానలనూ వర్ణిస్తూ దక్కనీలో గజళ్ళు రాసినప్పుడు, తూచుకొన్నది ఈ బహర్లతోనే. దారిలో ఫారసీ కవులు కొత్త సొగసులు చేర్చారు. గజల్ మొదటి షేర్ మత్లా. అనగా ఉదయించే చోటు. చివరిది మఖ్తా, అనగా తెగే చోటు. ఖాఫియా వెంట మారకుండా వచ్చే మాట రదీఫ్. అనగా గుర్రం మీద రౌతు వెనుక కూర్చున్నవాడు. హజజ్ నుంచి ఇరవై నాలుగు రూపాలుగా విస్తరించినది రుబాయీ. ఆ రుబాయీల మాధుర్యాన్ని దువ్వూరి రామిరెడ్డి గారు పానశాలగా తెలుగు పద్యాల్లో అందించారు. గాలిబ్ గజళ్ళను దాశరథి గారు తెలుగు చేశారు. రెండు భాషల చెవి కలిగినవారే ఈ పని చేయగలిగారు.

ఖలీల్ మరణాన్ని గురించి కూడా ఒక కథ ఉంది. అది ఆయన జీవితానికి తగినట్లే ఉంది. అంగడికి వెళ్ళిన పనిపిల్లను దుకాణదారు మోసగించలేని విధంగా, ఎవరైనా తేలికగా నేర్చుకోగలిగే ఒక లెక్కల పద్ధతిని కనిపెట్టాలని ఆయన ఆలోచిస్తున్నారట. ఆ ధ్యాసలోనే మసీదులోకి నడుస్తూ ఎదుట ఉన్న స్తంభాన్ని చూడక గట్టిగా ఢీకొన్నారు. ఆ దెబ్బే ఆయన మరణానికి కారణమైందని చెబుతారు. హిజ్రీ 170, 175 సంవత్సరాల మధ్య, అనగా క్రీ.శ. 786, 791 మధ్య ఆయన పరమపదించారు.

చదువు లేని పనిపిల్ల మోసపోకూడదన్న ఆలోచనతో కన్నుమూసిన మనిషి, కవులను బంధించడానికి సంకెలలు చేసి ఉంటాడని నమ్మడం కష్టం. ఆయన చేసినవన్నీ ఒకే దారిలో ఉన్నాయి. తల్లి ఒడిలో ఆ భాష దొరకని వానికి అక్షరం పలకడానికి గుర్తులు చేసి ఇచ్చారు. మాట వెతుక్కోవడానికి నిఘంటువు ఇచ్చారు. పద్యం వినడానికి అరూజ్ ఇచ్చారు. చెవి ఉన్నవానికి ఛందస్సు అవసరం లేకపోవచ్చు. చెవిని పోగొట్టుకొన్న నగరవాసికి, పరభాషా విద్యార్థికి, మనవంటివారికి అది తలుపు.

కనుక విద్యార్థి మిత్రులారా, గణాలను కంటితో కాక చెవితో చదవండి. పద్యాన్ని ముందు గొంతెత్తి పాడండి. బల్ల మీద వేలితో తాళం వేయండి. ఆ తరువాత పేరు కోసం పుస్తకం తెరవండి. వరండాలో ఒక మూల ఉన్నవారు రెండో మూలకు వెళ్ళి, ఒకసారి ఫఊలున్‌నూ య గణాన్నీ కలిపి పలికి చూడండి. ఒక గుడారానికి జంట తలుపులు ఉంటాయని ఖలీల్ చెప్పారు. మన కళాశాల కూడా రెండు తలుపుల ఇల్లే. రెండూ తెరిచి ఉంచడం మన వంతు.